కంప్రెషర్ గాలిలో నీళ్ళు: ముందు చల్లార్చండి, తర్వాతే ఫిల్టరు

శ్రావణంలో పక్కింటివాళ్ళ పెళ్ళి బీరువా ఒకటి రంగుకి వచ్చింది. పుట్టీ పెట్టి, నీళ్ళ పేపరుతో రుద్ది, ప్రైమరు కొట్టి, రెండు రోజులు దాని మీదే కూర్చున్నాను. పైన ఎనామిల్ వేసి మర్నాడు పొద్దున్న చూస్తే ఎడమ తలుపు మీద మూరెడు మేర ఆవగింజలంత పొక్కులు. ఒకదాన్ని గోటితో గిల్లితే లోపల తడి. నా దగ్గర పనిచేసే ఒడియా కుర్రాడు స్ప్రే గన్ను ఊడదీసి, పాత న్యూస్ పేపరు గోడకి అంటించి, హోసుని దాని వైపు తిప్పి గాలి వదిలాడు. కాసేపటికే పేపరు మీద చుక్కలు, వాటిలో కొన్ని లేత తుప్పు రంగు. "భాయినా, పాణి బాహారుచి" అన్నాడు, నీళ్ళు వస్తున్నాయని.

అప్పటికే నా కంప్రెషర్‌కి ఫిల్టరు ఉంది. ట్యాంకు అవుట్‌లెట్ దగ్గరే బిగించాను, అందరూ బిగించే చోటే. దాని గిన్నెలో చుక్క నీళ్ళు లేవు, హోసు చివర మాత్రం తుంపర. ఆ ఒక్క సంగతి అర్థం కావడానికి నాకు చాలా రోజులు పట్టింది కాబట్టి మీకు మొదట అదే చెబుతాను, పనులు తర్వాత.

మాది బరంపురం. గోపాలపూర్ సముద్రం పదిహేను కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. జూన్ మధ్యలో వచ్చే రజ పండగ నాటికి వాన మొదలైతే దసరా దాటేదాకా గాలి చెమ్మగానే ఉంటుంది, ఆరేసిన బట్ట రెండో రోజుకి గానీ ఆరదు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు కూడా ఇదే గాలి. 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి ఎక్కువలో ఎక్కువ 30 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. మన వానాకాలం గాలిలో దాదాపు 24 గ్రాములు ఉంటుందనుకోండి. ఇప్పుడు కంప్రెషర్ ఏం చేస్తుందంటే అలాంటి గాలిని తొమ్మిది ఘనపు మీటర్లు పీల్చి, 8 కేజీల ప్రెషర్ దగ్గర (అంటే చదరపు సెంటీమీటరుకి 8 కేజీలు, బయటి గాలి ఒత్తిడి ఒక కేజీ కలిపితే మొత్తం తొమ్మిది) ఒక్క ఘనపు మీటరులోకి కుక్కుతుంది. తొమ్మిదింటి నీళ్ళూ కలిపితే 216 గ్రాములు. ఆ ఒక్క ఘనపు మీటరు 30 డిగ్రీలకి చల్లారితే 30 గ్రాములే పట్టుకోగలదు, మిగతా 186 గ్రాములు నీళ్ళయి కింద పడాల్సిందే. రెండు హార్స్‌పవర్ కంప్రెషర్ నిమిషానికి 150 లీటర్ల గాలి ఇస్తే, గంట ఏకధాటిగా నడిచేసరికి లోపలికి వెళ్ళేది సరిగ్గా ఆ తొమ్మిది ఘనపు మీటర్లే. అంటే గంటకి ఒక పెద్ద గ్లాసుడు నీళ్ళు మనమే తయారు చేసుకుంటున్నాం.

అసలు చిక్కు ఇక్కడుంది. పంపు నుంచి వచ్చే గాలి చల్లగా ఉండదు, పంపు పైభాగం, అంటే హెడ్ దగ్గర నూరు డిగ్రీలు దాటుతుంది. పని ఎక్కువై ట్యాంకు లోపలి గాలి 60 డిగ్రీల దగ్గరే ఉండిపోతే, ఆ వేడికి ఒక ఘనపు మీటరు గాలి 130 గ్రాముల ఆవిరిని మోయగలదు. సగానికి పైగా నీళ్ళు ఆవిరిగానే ట్యాంకు దాటిపోతాయి. ఫిల్టరు పట్టగలిగేది చుక్కల్నే, ఆవిరిని కాదు. ఆవిరి ఫిల్టరులోంచి హాయిగా వెళ్ళి, నేల మీద చుట్టి పడున్న హోసులో చల్లారి, అక్కడ చుక్కవుతుంది. నా ఫిల్టరు గిన్నె ఎండిపోయి హోసు తడిసింది అందుకే.

కాబట్టి వరస గుర్తుపెట్టుకోండి: గాలిని ప్రెషర్‌లో ఉండగానే చల్లార్చాలి, చల్లారాక నీళ్ళు పట్టాలి, ఆ తర్వాతే రెగ్యులేటర్‌తో ప్రెషర్ తగ్గించాలి. ఈ వరస తప్పితే ఎంత ఖరీదైన ఫిల్టరు కొన్నా డబ్బు దండగ.

మొదటి పని, ట్యాంకు డ్రెయిన్. చాలామంది కంప్రెషర్ కొన్న నాటి నుంచి ట్యాంకు కింద మర ముట్టుకోరు. పని అయిపోయాక స్విచ్ ఆపి, గాలి ఒకటి రెండు కేజీలకి దిగేదాకా వాడేసి, అప్పుడు కింది మర మెల్లగా విప్పండి. నిండు ప్రెషర్‌లో ఒక్కసారిగా విప్పితే నీళ్ళూ తుప్పూ కాళ్ళ మీదకీ కళ్ళలోకీ కొడతాయి. నీళ్ళు పోయాక రాత్రంతా అలాగే తెరిచి ఉంచి, పొద్దున్న మూసి మోటారు వెయ్యండి. ట్యాంకుని డ్రెయిన్ వైపు వేలెడంత వాలుగా పెడితే నీళ్ళన్నీ అటే చేరతాయి, చక్రాల కింద ఒకవైపు చెక్క ముక్క పెడితే చాలు. కింద వంగి తిప్పడం విసుగనిపిస్తే ఆ మర తీసేసి ఎల్బో, పొట్టి జీఐ పైపు, చివర బాల్ వాల్వు పెట్టించుకోండి, నిలబడే తిప్పొచ్చు. సులువుగా ఉన్న పనే మనిషి రోజూ చేస్తాడు.

వచ్చే నీళ్ళ రంగు చూడండి. తేటగా ఉంటే మంచిదే. పాలలా తెల్లగా వస్తే ఆయిలు కలుస్తోందని అర్థం, పిస్టన్ రింగులు అరిగాయేమో, ఆయిలు మట్టం ఎక్కువైందేమో చూడాలి. ఎర్రగా వస్తే ట్యాంకు లోపల తుప్పు మొదలైంది. ట్యాంకు అడుగున సూదిమొనంత చిల్లు కనబడి గాలి కారుతుంటే దానికి వెల్డింగ్ పెట్టించి వాడొద్దు. చిల్లు చుట్టూ రేకు కూడా లోపలినుంచి పలచబడే ఉంటుంది, 8 కేజీల గాలితో అది చీలితే షెడ్డులో ఉన్న మనిషి మిగలడు. ఆ ట్యాంకు పాత ఇనుముకి వేసెయ్యండి, పంపూ మోటారూ వేరే ట్యాంకు మీద ఎక్కించుకోవచ్చు. ఆయిలు కలిసిన నీళ్ళని నూతి దగ్గరా కాలవలోనూ పోయకుండా ఒక డబ్బాలో పట్టండి.

రెండో పని, కంప్రెషర్ ఉన్న చోటు. మన వైపు ఇళ్ళు పొడుగ్గా, గోడకి గోడ అంటుకుని ఉంటాయి. చప్పుడు ఇంట్లోకి రాకూడదని కంప్రెషర్‌ని వెనక్కి నెట్టి, స్నానాల గది పక్కనో వంటింటి కిటికీ కిందో పెడతాం. అక్కడ అది పీల్చేదంతా తడి గాలీ వేడి గాలీ. నీడ ఉండి, గాలి ఆడే చోటికి మార్చండి. ఫ్లైవీల్ ఉన్న వైపు గోడకి కనీసం మూరెడు ఖాళీ ఉండాలి. ఆ చక్రం ఆకులే హెడ్ మీదకి గాలి విసిరేవి, గోడకి అంటిపెడితే తన వేడి గాలినే తను మళ్ళీ తీసుకుంటుంది. ఇంకొకటి, మోటారు వైండింగ్ చేయించి తెచ్చాక చక్రం బాణం గుర్తు చూపించిన వైపే తిరుగుతోందో లేదో తప్పకుండా చూడండి. ఎదురు తిరిగినా గాలి నిండుతుంది కాబట్టి మనకి తెలియదు, కానీ హెడ్ చల్లారదు.

మూడో పని, లీకులు. ఇది చిన్నదే. సబ్బు నురగ చేసి ప్రతి జాయింటుకీ బ్రష్‌తో రాయండి, బుడగలు వచ్చిన చోట విప్పి టెఫ్లాన్ టేపు చుట్టి బిగించండి. లీకు ఉంటే కంప్రెషర్ ఊరికే మళ్ళీ మళ్ళీ నడుస్తుంది, నడిచిన ప్రతిసారీ కొత్త నీళ్ళు లోపలికి తెస్తుంది, ట్యాంకు వేడెక్కుతుంది.

నాలుగో పని, చల్లార్చడం. అన్నిటికంటే లాభం ఇచ్చేది ఇదే, దీని మీద కాస్త డబ్బు పెట్టండి. పెద్ద షాపుల్లో పంపుకీ ట్యాంకుకీ మధ్య గాలిని చల్లార్చే ఆఫ్టర్‌కూలర్ పెడతారు. ఇంటి షెడ్డుకి ట్యాంకు తర్వాత రాగి చుట్ట పెట్టడం తేలిక, పంపు వైపు కెలకక్కర్లేదు కాబట్టి భయమూ తక్కువ. పంపుకీ ట్యాంకుకీ మధ్య మాత్రం తెలియకుండా ఏ వాల్వూ పెట్టకండి, అది ఎప్పుడైనా మూసుకుపోతే హెడ్ పగులుతుంది.

ఏసీ మెకానిక్‌లు వాడే మెత్తటి రాగి పైపు, అర అంగుళంది, ఏడెనిమిది మీటర్లు తీసుకోండి. 20 లీటర్ల రంగు డబ్బాలో పట్టాలి కాబట్టి దానికంటే చిన్న డబ్బా ఏదైనా తీసుకుని దాని చుట్టూ మెల్లగా చుట్టండి, తొందరపడితే పైపు నొక్కుకుపోతుంది. నొక్కుకున్న చోట దారి ఇరుకై ప్రెషర్ పడిపోతుంది. చుట్టు చుట్టుకీ మధ్య వేలు పట్టేంత సందు ఉంచండి, నీళ్ళు తగలాలి. రెండు కొసలకీ ఫ్లేరింగ్ కొట్టించి, అంటే మూతిని గరాటులా వెడల్పు చేయించి, ఇత్తడి ఫ్లేర్ నట్లు బిగించుకోండి.

నేను మొదట చేసిన తప్పు ఇది. గాలి పైనుంచి లోపలికి వచ్చి, చుట్ట అడుగుదాకా దిగి, మళ్ళీ డబ్బా అంచు మీదుగా పైకి ఎక్కి బయటికి వెళ్ళేలా పెట్టాను. అడుగు చుట్టులో నీళ్ళు చేరి, చేరి, గన్ను గట్టిగా నొక్కినప్పుడు గుటుక్కుమని ఒక్క ముద్దగా వచ్చి పడేవి. దిగిన గాలి మళ్ళీ ఎక్కకూడదు. అందుకని డబ్బా అడుగున చిల్లు పెట్టి, నీళ్ళ ట్యాంకులకి వాడే రబ్బరు వాషరున్న ప్లాస్టిక్ కనెక్టర్ బిగించి, పైపు కొసని అందులోంచి కిందకి తీశాను. కనెక్టర్‌కీ రాగికీ మధ్య సందుని ఎపాక్సీ పుట్టీతో మూశాను. డబ్బాని స్టూలు మీద పెట్టి, కిందకి వచ్చిన కొసకి నేరుగా నీళ్ళు పట్టే ఫిల్టరు తగిలించాను. అప్పటినుంచి నీళ్ళు వాటంతట అవే గిన్నెలోకి జారుతున్నాయి.

డబ్బాలో మామూలు నూతి నీళ్ళు చాలు. గంట ఏకధాటిగా పని చేస్తే గోరువెచ్చబడతాయి, మార్చేయండి. టూ-ప్యాక్ క్లియర్ (రెండు డబ్బాలు కలిపి కొట్టే పారదర్శక పూత) లాంటి నాజూకు పని ఉన్న రోజు చేపల బజారులో దొరికే ఐసు గడ్డ ఒకటి తెచ్చి వేస్తాను. గాలి 10 డిగ్రీలకి దిగితే ఘనపు మీటరుకి 9 గ్రాములకి మించి ఆవిరి నిలవదు.

ఐదో పని, ఫిల్టరూ రెగ్యులేటరూ. చుట్ట తర్వాత ఫిల్టరు, ఫిల్టరు తర్వాత రెగ్యులేటరు. కలిపి ఒకే ముక్కగా వచ్చేది అయితే ఫిల్టరు వైపే గాలి లోపలికి వెళ్ళేలా బాణం చూసి బిగించండి. రెగ్యులేటరు ముందు ఎందుకు పెట్టకూడదంటే, ప్రెషర్ ఎక్కువ ఉన్నప్పుడే నీళ్ళు బయటపడతాయి. 8 కేజీల దగ్గర 30 డిగ్రీలకి చల్లార్చి నీళ్ళు తీసేసిన గాలిని 2 కేజీలకి దించితే (బయటి ఒత్తిడి కలిపి తొమ్మిది నుంచి మూడుకి) అది మూడింతలు వ్యాకోచిస్తుంది, 30 గ్రాముల ఆవిరి మూడు ఘనపు మీటర్లకి పంచుకుపోయి ఒక్కోదానికి పదే మిగులుతుంది. అంటే బయట గాలి నూటికి 80 పాళ్ళ చెమ్మతో ఉన్న రోజున కూడా మీ గన్నులో గాలి 33 పాళ్ళ దగ్గరే ఉంటుంది. ఎనామిల్‌కీ ప్రైమరుకీ అంతకంటే పొడి గాలి అక్కర్లేదు.

ఫిల్టరు గిన్నె పారదర్శకంగా ఉంటుంది కదా, అది పాలికార్బొనేట్ అయితే థిన్నరుతో ఎప్పుడూ తుడవకండి. థిన్నరు తగిలితే కంటికి కనబడని పగుళ్ళు పడి, ప్రెషర్ ఎక్కినప్పుడు ఒక రోజు పేలుతుంది. సబ్బు నీళ్ళతో కడిగి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. రంగు కొట్టే చోట అది గాలిలోని థిన్నరు ఆవిరిని కూడా పీలుస్తూ ఉంటుంది కాబట్టి ఇనప తొడుగు ఉన్న గిన్నె కొనండి. గిన్నె సగం నిండకముందే కింది మర తిప్పి నీళ్ళు వదిలెయ్యాలి, నిండితే గాలి ఆ నీళ్ళనే మళ్ళీ ఎత్తుకుపోతుంది. టూల్స్ కోసం ఆయిలు వేసే లూబ్రికేటరు ఒకటి జంటగా అమ్ముతారు, రంగు లైనులో అది వద్దేవద్దు. రంగు మీద చేప కన్నుల్లా గుంటలు పడతాయి.

ఆరో పని, పైపు లైను. షెడ్డులో కంప్రెషర్ ఒక మూలా, పని ఇంకో మూలా అయితే గోడ మీద అర అంగుళం జీఐ పైపు వేయించుకోండి. ఇనప పైపు తనే గాలిని చల్లారుస్తుంది. నీళ్ళ పైపే కదా అని పీవీసీ మాత్రం వద్దు. గాలి ప్రెషర్‌కి పీవీసీ పగిలితే చీలికలు కత్తుల్లా ఎగురుతాయి. పైపుని కంప్రెషర్ నుంచి దూరంగా వెళ్ళే కొద్దీ కిందకి వాలుగా, మీటరుకి ఒక సెంటీమీటరు చొప్పున దించండి. చివర ఒక జానెడు పైపు నిట్టనిలువుగా కిందకి వదిలి బాల్ వాల్వు పెట్టండి, జారిన నీళ్ళన్నీ అందులో నిలుస్తాయి. గన్నుకి గాలి తీసుకునే టీ ముఖం పైకి ఉండాలి, అక్కడినుంచి గొడుగు పిడిలా వంచి కిందకి తేవాలి. ప్లంబరు నీళ్ళ లైను అలవాటులో టీ ముఖాన్ని కిందకి పెట్టేస్తాడు, పక్కన నిలబడి చెప్పాలి. కిందకి పెడితే లైనులో పారే నీళ్ళన్నీ మొదట మీ గన్నులోకే దిగుతాయి. ఇలా లైను వేశారంటే ఫిల్టరూ రెగ్యులేటరూ కూడా కంప్రెషర్ దగ్గర కాకుండా గన్ను కొసకి మార్చుకోండి, దారిలో చల్లారినదంతా అక్కడ దొరుకుతుంది.

సిలికా జెల్ గురించి చాలామంది మొదటే అడుగుతారు. అది ఆఖరి మెట్టు. ముందు చెప్పినవి చేయకుండా సిలికా గొట్టం పెడితే గంటకో గ్లాసుడు నీళ్ళకి అది త్వరగా నిండిపోతుంది, పైగా నీటి చుక్క నేరుగా తగిలితే గింజలు చిటచిటలాడి పగిలి పొడి అవుతాయి, ఆ పొడి రంగులో పడుతుంది. చల్లార్చి, నీళ్ళు తీసేసిన తర్వాత పెడితే చాలా రోజులు నిలుస్తుంది, దాని తర్వాత పొడి పట్టే చిన్న ఫిల్టరు ఒకటి ఉండాలి. నీలం గింజలు తడి పీలిస్తే గులాబీ రంగుకి మారతాయి. ఆ నీలం కోబాల్ట్ క్లోరైడ్ వల్ల వచ్చేది, ఒంటికి మంచిది కాదు, అందుకని నారింజ రంగువే కొనండి. 110 నుంచి 120 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. పాత ఓవెన్ ఏదైనా దానికే కేటాయించండి, ఇంట్లో కేకు చేసే దాంట్లో పెట్టొద్దు.

కంప్రెషర్ చిన్నదై గన్ను పెద్దదైతే పై పనులన్నీ సగమే ఫలిస్తాయి. మోటారు ఆగకుండా తిరుగుతోందంటే ట్యాంకు చల్లారే సందే దొరకదు. తక్కువ గాలి తాగే గన్ను వాడండి, లేదా ఒక తలుపు కొట్టాక పది నిమిషాలు ఆగి ట్యాంకుని చెయ్యి పెట్టి చూసి, వెచ్చదనం తగ్గాక రెండోది అందుకోండి. ఆ పది నిమిషాల్లో మొదటి కోటు కాస్త లాగుతుంది కూడా.

వానాకాలంలో ఇంకో మోసం ఉంది. చెక్క మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) సీలరో లాకరో కొట్టినప్పుడు పొగ కమ్మినట్టు తెల్లటి పొర వస్తుంది. అది చూసి కంప్రెషర్‌ని తిట్టకండి. థిన్నరు వేగంగా ఆవిరవుతూ చెక్క పైభాగాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గదిలోని చెమ్మే వచ్చి రంగు మీద కూర్చుంటుంది. గాలి ఎంత పొడిగా ఇచ్చినా అది తగ్గదు. నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నరు కలపాలి, లేదా ఎండ కాసిన మధ్యాహ్నం దాకా ఆగాలి. తెల్ల పొర పైకి మొత్తం పరుచుకుని ఉంటే గది చెమ్మ, అక్కడక్కడ పొక్కులూ చుక్కలూ ఉంటే హోసు నీళ్ళు, గుండ్రటి గుంటలు ఉంటే ఎక్కువగా ఆయిలు.

ఇవన్నీ చేశాక రంగు పోసే ముందు ప్రతి రోజూ ఒక పరీక్ష చేయండి. గన్నులో రంగు లేకుండా, గాలి మాత్రం, తుడిచిన అద్దం ముక్క మీద జానెడు దూరం నుంచి ఒక నిమిషం కొట్టండి. అరచెయ్యి మాత్రం అడ్డం పెట్టకండి, ఆ ప్రెషర్‌లో గాలి చర్మంలోకి దూరుతుంది. అద్దాన్ని వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తే సన్నటి చుక్క కూడా మెరుస్తుంది, ఆయిలు అయితే రంగురంగుల పొరలా కనబడుతుంది. చుక్కలుంటే హోసు విప్పి, పైకెత్తి, ఒక చివర నుంచి రెండు నిమిషాలు గాలి ఊదించి మళ్ళీ చూడండి. మొదటిసారి నీళ్ళు వచ్చి రెండోసారి రాకపోతే అవి నిన్నటి నీళ్ళు, పని మొదలుపెట్టొచ్చు. రెండోసారి కూడా వస్తే డబ్బాలో నీళ్ళు వేడెక్కాయో, ఫిల్టరు గిన్నె నిండిందో చూడాలి. సాయంత్రం హోసుని చుట్టి నేల మీద పడెయ్యకుండా, మేకుకి రెండు కొసలూ కిందకి వేలాడేలా తగిలించండి.